తిండి రుగ్మతల ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చి పరీక్షించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో సైకాలజీ, సైకియాట్రీ, నర్సింగ్, కమ్యూనిటీ మెడిసిన్ చదువుతున్న విద్యార్థులు థీసిస్ కోసం తిండి రుగ్మతల మీద పని చేయాలనుకున్నప్పుడు ముందుగా అడిగేది ఒకటే: ‘ఇంగ్లీషు ప్రశ్నావళి ఉంది, తెలుగులోకి మార్చి పంచిపెడితే సరిపోతుందా?’ సరిపోదు. ఎందుకు సరిపోదో, ఏం చేస్తే సరిపోతుందో చెప్పడానికే ఈ జవాబులు రాశాను. ఈ పనిలో కొన్నేళ్ళుగా విద్యార్థుల పక్కన కూర్చుని, వాళ్ళతోపాటు హాస్టళ్ళకూ కాలేజీలకూ వెళ్ళి చూసినవే ఇందులో ఎక్కువ.

అసలు ఈ ప్రశ్నావళులు ఏం కొలుస్తాయి? వీటితో జబ్బు ఉన్నట్టు తేల్చవచ్చా?

తేల్చకూడదు. అనొరెక్సియా నెర్వోజా (తిండి బాగా తగ్గించి ప్రమాదకరంగా సన్నబడిపోవడం), బులీమియా నెర్వోజా (అతిగా తిని, బరువు పెరగకుండా వాంతి వంటివి చేసుకోవడం), బింజ్ ఈటింగ్ (అదుపు లేకుండా ఒకేసారి చాలా తినేయడం) వంటి రుగ్మతలను నిర్ధారించేది మానసిక వైద్యులు లేదా క్లినికల్ సైకాలజిస్టులు, అదీ మనిషితో మాట్లాడి, ఎత్తూ బరువూ చూసి, అవసరమైతే రక్తపరీక్షలు చేయించి. ప్రశ్నావళి చేసేది వడపోత మాత్రమే. వందల మందిలో ఎవరితో ఇంకొంచెం వివరంగా మాట్లాడాలో అది చెబుతుంది. ఈ తేడా మరిచిపోయి, మార్కు ఎక్కువ వచ్చిన ప్రతి అమ్మాయినీ రోగిగా లెక్కగట్టి పట్టిక వేసిన థీసిస్‌లను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఆ పట్టికలోని అంకెల వెనుక నిజంగా కష్టపడుతున్న పిల్లలు కొందరున్నారు, ఏ కష్టమూ లేనివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళను విడదీసే ప్రయత్నం అక్కడ జరగలేదు.

ఏ ప్రశ్నావళిని ఎంచుకోవాలి?

మన దగ్గర ఎక్కువగా వాడేవి మూడు. మొదటిది ఈట్-26 (ఈటింగ్ ఆటిట్యూడ్స్ టెస్ట్). గార్నర్, గార్ఫింకెల్ 1979లో 40 ప్రశ్నలతో తయారు చేసిన ప్రశ్నావళిని 1982లో 26 ప్రశ్నలకు కుదించారు. ఇందులో డైటింగ్‌కు 13, బులీమియాకూ తిండి ధ్యాసకూ 6, తిండి మీద అదుపుకు 7 ప్రశ్నలున్నాయి, మొత్తం మార్కు 20 లేదా అంతకు మించితే లోతుగా చూడాలంటారు. రెండవది స్కాఫ్. 1999లో బ్రిటన్‌లో మోర్గాన్, రీడ్, లేసీ ప్రచురించిన అయిదే అయిదు ప్రశ్నలివి, రెండింటికి ‘అవును’ అంటే అనుమానించాలి. మూడవది 1994లో ఫెయిర్‌బర్న్, బెగ్లిన్ ప్రచురించిన ఈడీఈ-క్యూ (ఈటింగ్ డిజార్డర్ ఎగ్జామినేషన్ ప్రశ్నావళి). ఇది గడిచిన 28 రోజుల్లో ఏం జరిగిందని అడుగుతుంది, జవాబులను 0 నుంచి 6 వరకు కొలుస్తుంది.

పెద్ద సంఖ్యలో కాలేజీ పిల్లలను చూడాలంటే ఈట్-26, ఓపీడీలో రెండు నిమిషాల్లో ముగించాలంటే స్కాఫ్, చికిత్సకు ముందూ తరువాతా మార్పును చూడాలంటే ఈడీఈ-క్యూ అనుకూలం. అయితే స్కాఫ్ చిన్నది కనుక అనువాదం సులువని అనుకోవద్దు. అందులో ‘మూడు నెలల్లో ఒక స్టోన్‌కు మించి బరువు తగ్గారా’ అన్న ప్రశ్న ఉంది. స్టోన్ అంటే 14 పౌండ్లు, అంటే సుమారు 6.35 కిలోలు. కిలోల్లోకి మార్చడం తేలికే, కానీ గడిచిన మూడు నెలల్లో తన బరువు ఎంత మారిందో తెలియాలంటే ఆ అమ్మాయి బరువు చూసుకుంటూ ఉండాలి కదా. మన హాస్టళ్ళలో చాలామంది చివరిసారి బరువు చూసుకున్నది అడ్మిషన్ ఫారం నింపినప్పుడే. అందుకే ‘బట్టలు వదులయ్యాయా’ అన్న ఆసరా ప్రశ్నను పక్కన పెట్టుకుని అడగడం మేలు.

పిల్లలు ఇంగ్లీషు మీడియమే కదా, అనువాదం ఎందుకు?

ఫిజిక్స్ ఇంగ్లీషులో చదివే అమ్మాయి కూడా తిండి గురించి, ఒంటి గురించి ఆలోచించేది తెలుగులోనే. అమ్మ ఫోన్లో ‘తిన్నావా’ అని అడిగేది తెలుగులోనే, ‘ఒళ్ళు చేశావే’ అని పెద్దమ్మ అనేదీ తెలుగులోనే. మనసును కుదిపే మాట ఏ భాషలో వినిపించిందో ఆ భాషలో అడిగితేనే నిజమైన జవాబు వస్తుంది.

అనువాదం ఎవరు చేయాలి? తిరుగు అనువాదం చేయిస్తే చాలదా?

ఇద్దరు విడివిడిగా తెలుగులోకి మార్చాలి. ఒకరికి ఈ రుగ్మతల సంగతి తెలిసి ఉండాలి, మరొకరికి తెలియకపోయినా తెలుగు బాగా రావాలి. రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక ప్రతిగా కలపాలి. తరువాత మూలాన్ని చూడని మరో ఇద్దరు దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చాలి. బ్రిస్లిన్ 1970లో ప్రచారంలోకి తెచ్చిన ఈ తిరుగు అనువాద పద్ధతిని 2000లో బీటన్ బృందం రాసిన మార్గదర్శకాలు ఒక వరుసలో పెట్టాయి: అనువాదం, కలపడం, తిరుగు అనువాదం, నిపుణుల సంఘం, ఆపై 30 నుంచి 40 మందితో ముందస్తు పరీక్ష.

మన థీసిస్‌లలో చాలావరకు తిరుగు అనువాదం దగ్గరే ఆగిపోతున్నాయి. ఇంగ్లీషు మూలమూ, తిరిగి వచ్చిన ఇంగ్లీషూ సరిపోలితే పని అయిపోయిందని సంబరపడతాం. కానీ మాటకు మాట పెట్టి చేసిన కృతకమైన అనువాదమే తిరుగు ప్రయాణంలో చక్కగా మూలానికి చేరుతుంది. ‘నేను కేలరీల దహనం గురించి ఆలోచిస్తాను’ అని రాస్తే ఇంగ్లీషు తెలిసిన ఏ అనువాదకుడైనా దాన్ని అచ్చంగా మూలంలోకి మార్చేస్తాడు, మంగళగిరి నుంచి బస్సెక్కి వచ్చే అమ్మాయికి మాత్రం అది బోధపడదు. తిరుగు అనువాదం పట్టుకునేది అనువాదకుల పొరపాట్లను. చదివేవాళ్ళకు ఏం అర్థమైందో తెలియాలంటే వాళ్ళనే అడగాలి.

నిపుణుల సంఘంలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, డైటీషియన్, తెలుగు అధ్యాపకులు ఉండేలా చూసుకోండి. హాస్టల్ వార్డెన్ ఒకరు కూర్చుంటే ఇంకా మంచిది. ఏ ప్రశ్న పిల్లల జీవితానికి పొసగదో అందరికంటే ముందు చెప్పేది ఆవిడే.

తెలుగులో ప్రత్యేకంగా ఎక్కడ తడబడతాం?

ఇది చాలా పెద్ద ప్రశ్న, దీని మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు.

ముందుగా ‘అన్నం’. మనకు అన్నమంటే ఉడికిన బియ్యమూ అన్నమే, పూట భోజనమూ అన్నమే. ‘నేను అన్నం తినను’ అన్న వాక్యానికి ‘అవును’ అన్న అమ్మాయి రాత్రిపూట రెండు చపాతీలు తింటున్నదా, ఏమీ తినడం లేదా? పిండిపదార్థాలు మానుకోవడం గురించిన ప్రశ్నలో మూలం రొట్టె, బియ్యం, బంగాళాదుంపలను ఉదాహరణగా ఇస్తుంది. ఇంట్లో ఇద్దరికి సుగరు ఉన్న కుటుంబంలో అందరూ రాత్రికి అన్నం మానేసి ఉంటారు. ఆ ఇంటి అమ్మాయి ఆ ప్రశ్నలో మార్కు తెచ్చుకుంటుంది, తీపి తగ్గించడం గురించిన ప్రశ్నలో మరో మార్కు తెచ్చుకుంటుంది, కారణం మాత్రం నాన్నగారి సుగరు.

తరువాత ‘కొవ్వు’. ఒంట్లో కొవ్వు పేరుకుందన్న ఆలోచన తనను వదలదా అని అడగడం ఆ ప్రశ్న ఉద్దేశం. మన వాడుకలో ‘కొవ్వెక్కింది’ అంటే పొగరెక్కిందని. ముందస్తు పరీక్షలో ఒక అమ్మాయి ఆ వాక్యం దగ్గర చిన్నబుచ్చుకుని పెన్ను పక్కన పెట్టేసింది. తిట్టినట్టు అనిపించిందట. ‘లావు’ అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ‘ఒళ్ళు చేయడం’ అన్నది ఇంకా సహజమైన మాట, కానీ పెద్దవాళ్ళ నోట అది చాలాసార్లు మెచ్చుకోలు. ‘చిక్కిపోయావు’ అన్నది జాలి. సన్నగా కావడాన్ని కోరుకునే మాట కావలసి వస్తే ‘సన్నబడాలి’ అన్నదే కుదురుతుంది.

‘డైటింగ్’ను ‘పథ్యం’ అని తెలుగు చేసినవాళ్ళు ఉన్నారు. పథ్యం మందుతోపాటు చెప్పేది, బాలింతకు పెట్టేది. అందులో బరువు తగ్గాలన్న కోరిక లేదు. ‘ఆహార నియమం’ అంటే ఉపవాసాలూ మొక్కులూ గుర్తొస్తాయి. డైటింగ్ అన్న మాటే ఉంచి, పక్కనే ‘బరువు తగ్గడం కోసం’ అని చేర్చడం నాకు సరైనదిగా తోస్తుంది.

భోజనాన్ని చిన్న ముక్కలుగా కోసుకుంటారా అన్న ప్రశ్నకు గుంటూరులో ఒక డిగ్రీ విద్యార్థిని ఇచ్చిన జవాబు నేను మరచిపోలేను: ‘కూరలు తరిగేది మా అమ్మ మేడమ్, నాకు వంట రాదు.’ చేత్తో కలుపుకుని ముద్దలు చేసుకుని తినే మనకు కత్తీ ఫోర్కూ ఉన్న ఆ ప్రశ్న వంటింటి ప్రశ్నగా వినిపించింది. మూలం అడుగుతున్నది తిండిని సాగదీయడం కోసం, కొంచెమే తిన్నా ఎక్కువ తిన్నట్టు కనిపించడం కోసం చేసే పనుల గురించి. కనుక ‘మరీ చిన్న చిన్న ముద్దలు చేసుకుని తింటూ ఉంటాను’ అన్నది దగ్గరగా ఉంటుంది. అయితే అప్పుడు అది అనువాదం కాదు, అనుసరణ. ఆ మార్పు చేసినట్టు థీసిస్‌లో స్పష్టంగా రాయాలి.

‘నేను ఇంకొంచెం తింటే బాగుండునని ఇతరులు అనుకుంటారు’ అన్న ప్రశ్న మరో చిక్కు. మన ఇళ్ళలో ఇంకాస్త వేసుకోమనని వాళ్ళెవరు? కంచంలో చెయ్యి అడ్డం పెట్టినా నెయ్యి వేసి వెళ్ళే అమ్మమ్మ ఉన్న ఇంట్లో ఆ ప్రశ్నకు ‘ఎల్లప్పుడూ’ అన్నదే నిజాయితీగల జవాబు. కొసరి వడ్డించడం ప్రేమ అయిన చోట ఆ ప్రశ్న రుగ్మతను కొలవడం మానేసి, ఇంట్లో ఎంతమంది పెద్దవాళ్ళున్నారో కొలుస్తుంది. ఇటువంటి ప్రశ్నను తీసివేయకూడదు, కానీ గణాంకాలు వచ్చినప్పుడు అది మిగతా ప్రశ్నలతో కలిసి నడుస్తోందా లేదా అని జాగ్రత్తగా చూడాలి.

వ్యాకరణం కూడా రెండు చోట్ల దెబ్బ తీస్తుంది. తెలుగులో ‘తింటాను’ అంటే అలవాటుగా తింటానని, ఇకముందు తింటానని కూడా. ‘తిన్న తరువాత వాంతి చేసుకుంటాను’ అన్న వాక్యం చదివిన పిల్లలు కొందరు దాన్ని బెదిరింపులాగా అర్థం చేసుకున్నారు. ‘చేసుకుంటూ ఉంటాను’ అంటే అలవాటన్న అర్థం స్థిరపడుతుంది. అలాగే ‘వాంతి అవుతుంది’ వేరు, ‘వాంతి చేసుకుంటాను’ వేరు. మొదటిది గ్యాస్ట్రిక్ సమస్య కావచ్చు, రెండవది మనం వెతుకుతున్నది. అయినా మాటల్లో ఈ రెండూ కలిసిపోతాయి కనుక ‘కావాలని’ అన్న మాట చేర్చడం తప్పనిసరి. మన భాష చేసే ఒక మేలు కూడా చెప్పాలి: ఉత్తమపురుషలో క్రియకు ఆడా మగా తేడా లేదు కనుక ఒకే ప్రతి అందరికీ సరిపోతుంది.

‘తప్పు చేసిన భావన’ అన్నదాన్ని ఎలా రాయాలి?

‘అపరాధభావం’ పుస్తకాల మాట. ‘తిన్న తరువాత తప్పు చేసినట్టు అనిపిస్తుంది’ అనండి. ‘పాపం’ అన్న మాటను దగ్గరకు రానివ్వకండి. శనివారం నాడు పొరపాటున గుడ్డు తిన్న అమ్మాయికి కలిగే బాధ వేరు.

ఉపవాసాలూ ఒక్కపొద్దులూ ఉండేవాళ్ళ జవాబులను ఏం చేయాలి?

ఈ ప్రశ్న మనది మాత్రమే కాదు. మైఖేల్ కింగ్, దినేశ్ భుగ్రా 1989లో ప్రచురించిన అధ్యయనంలో ఉత్తర భారతదేశంలోని ఒక పట్టణంలో బడిపిల్లలకు ఈట్ ప్రశ్నావళిని ఇస్తే, పావు వంతుకు పైగా అమ్మాయిలకు కట్-ఆఫ్ (అనుమానించడానికి పెట్టుకున్న మార్కు గీత) దాటిన మార్కులు వచ్చాయి. అంతమందికి రుగ్మత ఉండే అవకాశం లేదని, కొన్ని ప్రశ్నలను ఆ పిల్లలు తమ సంస్కృతి, ఆచారాల కోణంలోంచి అర్థం చేసుకున్నారని పరిశోధకులు గుర్తించారు. ముప్పై ఏళ్ళు దాటిపోయినా, ఆ హెచ్చరికను చదవకుండానే నేరుగా అనువదించి శాతాలు ప్రకటించేవాళ్ళు మన మధ్య ఇంకా ఉన్నారు.

మన ప్రాంతంలో శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఉన్నారు, కార్తిక సోమవారాలు చేసేవాళ్ళు ఉన్నారు, రంజాన్ నెలంతా రోజా పాటించేవాళ్ళు ఉన్నారు, గుడ్ ఫ్రైడేకి ముందు శ్రమల దినాల్లో ఉపవాస ప్రార్థనలు చేసే క్రైస్తవ కుటుంబాలు గుంటూరు జిల్లా నిండా ఉన్నాయి. పైగా మన ‘ఉపవాసం’లో ఒక్కొక్కరి లెక్క ఒక్కో రకం. అన్నం ముట్టకుండా రాత్రికి ఇడ్లీనో ఉప్మానో పలహారం చేస్తే అది ఉపవాసమే. కడుపు నిండా తిన్నా ఉపవాసమే అయినప్పుడు ‘రోజంతా ఏమీ తినకుండా ఉన్నారా’ అన్న ప్రశ్నకు వచ్చే ‘అవును’కు అర్థమేమిటి?

అందుకని నేను చెప్పేది ఇది. ప్రశ్నావళికి ముందు రెండు ప్రశ్నలు వేరుగా పెట్టండి: ఏ రోజుల్లో ఉపవాసం ఉంటారు, ఆ రోజు ఏం తింటారు. సమాచారం సేకరించే తేదీని కార్తికంలోనూ రంజాన్ నెలలోనూ పెట్టుకోకండి, ముఖ్యంగా 28 రోజులను అడిగే ఈడీఈ-క్యూ వాడుతుంటే. కానీ ఉపవాసం ఉంటానన్నంత మాత్రాన ఆ జవాబును కొట్టిపారేయకూడదు. బరువు తగ్గడం కోసం ఉపవాసం ఉంటానంటే ఇంట్లో గొడవ, దేవుడి కోసం అంటే ఎవరూ ఏమీ అనరు. ఈ సంగతి తెలిసిన పిల్లలు వారానికి ఒక రోజును రెండు చేస్తారు, రెండును నాలుగు చేస్తారు. ‘ఉపవాసం లేని వారంలో మీకు ఎలా ఉంటుంది?’ అని నెమ్మదిగా అడిగితే భక్తి ఎక్కడ ఆగిందో, భయం ఎక్కడ మొదలైందో కొంత తెలుస్తుంది.

జవాబుల వరుసను ఎలా రాయాలి?

ఈట్-26లో ఆరు జవాబులుంటాయి. మొదటి మూడింటికి 3, 2, 1 మార్కులు, చివరి మూడింటికి సున్నా. చివరి ప్రశ్నకు మాత్రం లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ‘ఎప్పుడూ’ అన్న మాట ప్రమాదం. ‘ఎప్పుడూ చేస్తాను’ అంటే రోజూ అని, ‘ఎప్పుడూ చేయను’ అంటే అసలు లేదని. గబగబా టిక్కులు పెట్టే అమ్మాయి వరుస మొదట్లో ‘ఎప్పుడూ’, చివర్లో ‘ఎప్పుడూ లేదు’ చూసి పొరబడితే ఆ ప్రశ్నకు మూడు మార్కులు తారుమారవుతాయి. ‘ప్రతిసారీ’, ‘అసలు లేదు’ అని రెండు కొనలనూ వేరు చేయండి. మధ్యలో ‘తరచుగా’కు ఒక మార్కు, ‘అప్పుడప్పుడు’కు సున్నా కనుక ఆ రెంటి మధ్య గీత స్పష్టంగా ఉండాలి. ఆరు మాటలనూ ఆరు చీటీల మీద రాసి, పదిమందికి ఇచ్చి, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చమనండి. అందరూ ఒకేలా పేర్చేదాకా మాటలు మార్చండి. మేము చేసినప్పుడు ‘సాధారణంగా’, ‘తరచుగా’ ప్రతి రెండో మనిషి చేతిలో తారుమారయ్యాయి. ‘సాధారణంగా’ను ‘చాలావరకు’ అని మార్చాక కుదురుకున్నాయి.

ముందస్తు పరీక్షలో పిల్లలతో ఎలా మాట్లాడాలి?

ఒక్కొక్కరితో, తలుపు వేసిన గదిలో, కనీసం నలభై నిమిషాలు. ప్రశ్న చదివించి, ‘ఇది మిమ్మల్ని ఏం అడుగుతోంది? మీ మాటల్లో చెప్పండి’ అనాలి. జవాబు పెట్టాక ‘ఇది ఎందుకు ఎంచుకున్నారు? ఏ రోజు గుర్తొచ్చింది?’ అనాలి. అంతే. మనం వివరించకూడదు, సరిదిద్దకూడదు.

విజయవాడలో ఒక ప్రైవేటు హాస్టల్లో ఒక శనివారం సాయంత్రం జరిగింది చెబుతాను. పల్నాడు నుంచి వచ్చి ఇంటర్ చదువుతున్న అమ్మాయి. ‘ఆకలి వేసినా తినకుండా ఉంటాను’ అన్నదానికి ‘తరచుగా’ అని టిక్కు పెట్టింది. ఎందుకమ్మా అని అడిగాను. ‘ఏడున్నరకి స్టడీ అవర్ మేడమ్. ఏడింటికి మెస్ లైను మెట్ల దాకా ఉంటుంది. నిలబడితే లేటు, లేటైతే బయట నిలబెడతారు. అందుకని బిస్కెట్లు తిని వెళ్ళిపోతా.’ ఆమెకు తిండి రుగ్మత లేదు, అరగంట సమయం లేదు. పక్క మంచం అమ్మాయి అదే ప్రశ్నకు ‘అప్పుడప్పుడు’ అని పెట్టి, చాలాసేపు మాట్లాడకుండా ఉండి, ‘లైను లేకపోయినా నేను వెళ్ళను మేడమ్’ అంది. మార్కుల ప్రకారం మొదటి అమ్మాయికి ఒకటి, రెండో అమ్మాయికి సున్నా. ఆ సాయంత్రం తరువాత ఆ వాక్యాన్ని ‘తినడానికి వీలున్నా, ఆకలి వేస్తున్నా, కావాలనే తినకుండా ఉంటాను’ అని మార్చాం.

ఎంతమంది కావాలి? ఏ గణాంకాలు చూడాలి?

ముందస్తు పరీక్ష తరువాత అసలు అధ్యయనానికి ప్రశ్నకు పదిమంది చొప్పున లెక్క వేసుకుంటే ఈట్-26కు 260 మంది. కారక విశ్లేషణ (ఏ ప్రశ్నలు ఏ గుంపుగా కలుస్తున్నాయో చూసే లెక్క) నిలకడగా రావాలంటే అంతకంటే ఎక్కువమందే మంచిది. విశ్వసనీయతకు, అంటే ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చూడడానికి, క్రోన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటాలంటారు, కానీ ఆల్ఫా బాగున్నంత మాత్రాన సప్రమాణత (కొలవాలనుకున్నదాన్నే కొలవడం) వచ్చేయదు. ఇరవైఆరు ప్రశ్నలనూ ఒకేలా తప్పుగా అర్థం చేసుకున్నా ఆల్ఫా చక్కగానే వస్తుంది. రెండు వారాల తరువాత యాభై మందికైనా మళ్ళీ ఇచ్చి జవాబులు నిలిచాయో లేదో చూడండి, ఆ రెండు వారాల మధ్య పరీక్షలు పడకుండా చూసుకోండి. మూలంలో ఉన్న మూడు విభాగాలు తెలుగులోనూ విడివిడిగా నిలుస్తాయో లేదో నిర్ధారక కారక విశ్లేషణతో పరీక్షించండి. నిలవకపోతే దాచకుండా రాయండి, మీ అధ్యయనంలో పనికొచ్చే ఫలితం బహుశా అదే.

కట్-ఆఫ్ 20 అని మూలంలో ఉంది. తెలుగులో కూడా 20 వాడవచ్చా?

పరీక్షించకుండా వాడకూడదు. ఎక్కువ మార్కు వచ్చినవాళ్ళనూ, తక్కువ మార్కు వచ్చినవాళ్ళలో కొందరినీ, మార్కులు తెలియని వైద్యుల చేత ఇంటర్వ్యూ చేయించి, ఏ మార్కు దగ్గర గీత గీస్తే ఎంతమంది సరిగ్గా దొరుకుతున్నారో చూడాలి. ఖర్చుతో కూడిన పని కనుక అందరూ వదిలేసేది దీన్నే.

ఎందుకు ముఖ్యమో ఒక లెక్కతో చూడండి. స్కాఫ్ తొలి అధ్యయనంలో రోగులు 116 మంది, పోల్చడానికి తీసుకున్న మహిళలు 96 మంది. రెండు ‘అవును’ల గీత దగ్గర రోగులందరూ దొరికారు, రుగ్మత లేనివారిలో 87.5 శాతం మందిని సరిగ్గా వదిలిపెట్టింది. ఇంత మంచి పరీక్షను వెయ్యిమంది ఉన్న కాలేజీలో వాడామనుకోండి, వారిలో నిజంగా రుగ్మత ఉన్నవారు పదిమంది అనుకుందాం. ఆ పదిమందీ దొరుకుతారు. మిగిలిన 990 మందిలో ఎనిమిదో వంతు, అంటే దాదాపు 124 మంది కూడా పట్టుబడతారు. 134 మందిలో నిజమైనవారు పదిమంది. మూలభాషలోనే ఇది పరిస్థితి అయితే, మాటలు బెసికిన అనువాదంలో ఏమవుతుందో ఊహించండి. ఒక కాలేజీలో ఇలా వచ్చిన జాబితాను నేరుగా తల్లిదండ్రులకు పంపారు. ఏ ఇబ్బందీ లేని ఒక అమ్మాయి తల్లి ఏడుస్తూ నా దగ్గరకు వచ్చింది. అప్పటి నుంచి ఈ లెక్క చెప్పకుండా నేను ఏ విద్యార్థినీ ఫీల్డుకు పంపలేదు.

లావవుతామన్న భయమే లేకుండా తిండి మానేసేవాళ్ళు కూడా ఉంటారా?

ఉంటారు. హాంకాంగ్‌లో సింగ్ లీ 1993లో ప్రచురించిన అధ్యయనంలో అనొరెక్సియా ఉన్న 70 మంది చైనీయుల్లో సగానికి పైగా లావు భయం గురించి చెప్పలేదు. కడుపు ఉబ్బరం వల్ల తినలేకపోతున్నామన్నవాళ్ళే వారిలో ఎక్కువ. ‘కడుపు ఉబ్బరం’, ‘అరగడం లేదు’, ‘తినబుద్ధి కావడం లేదు’ అన్న మాటలు మన ఓపీడీల్లో రోజూ వినపడేవే. లావు భయం చుట్టూ అల్లిన ప్రశ్నావళి వీళ్ళను జారవిడుస్తుంది. కనుక కట్-ఆఫ్ పరీక్షించేటప్పుడు సైకియాట్రీ నుంచే కాక గ్యాస్ట్రో విభాగం నుంచి, బరువు తగ్గి, పరీక్షలన్నీ బాగున్నాయని తేలినవాళ్ళను కూడా పిలవండి. చెన్నైలో శ్రీనివాసన్ బృందం 1998లో అనువాదం మీద ఆధారపడకుండా మనవాళ్ళ మాటల్లోంచే సొంతంగా ఒక ప్రశ్నావళిని రూపొందించే ప్రయత్నం చేసింది. తెలుగులోనూ అటువంటిది రావాలని నా కోరిక.

మగపిల్లలకు ఇదే ప్రతి ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు, కానీ మార్కులను కలపకండి. జిమ్‌కు వెళ్ళే కుర్రాళ్ళ ఆరాటం సన్నబడడం కోసం కాదు, కండ కోసం. ఈ ప్రశ్నలు దాన్ని పట్టుకోలేవు.

కోస్తాలో పరీక్షించిన ప్రతిని రాయలసీమలో, తెలంగాణలో వాడవచ్చా?

మాటలు చాలావరకు అర్థమవుతాయి. కానీ తెలంగాణలో ‘దొడ్డు’ అనే చోట మనం ‘లావు’ అంటాం, ఇటువంటివి మరికొన్ని ఉంటాయి. ప్రతి ప్రాంతంలో పదిహేను, ఇరవై మందితో ముందస్తు ఇంటర్వ్యూలు మళ్ళీ చేయడం కనీస మర్యాద.

అనుమతులు ఏవేవి కావాలి?

హక్కుదారుల నుంచి అనువాదానికి రాతపూర్వక అనుమతి, మీ సంస్థ ఎథిక్స్ కమిటీ ఆమోదం. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది 18 ఏళ్ళలోపు వాళ్ళు కనుక ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల రాతపూర్వక అంగీకారం రెండూ ఉండాలి. ప్రిన్సిపాల్ సంతకం వాటికి బదులు కాదు.

ఈ ప్రశ్నలు అడిగితే పిల్లలకు లేనిపోని ఆలోచనలు వస్తాయేమో?

వాంతి చేసుకోవడం గురించీ విరేచనాల మాత్రల గురించీ చదివినప్పుడు మేనేజ్‌మెంట్లు ఈ భయమే వ్యక్తం చేస్తాయి. మర్యాదగా, ఏకాంతంలో అడిగితే హాని జరగడం నేను చూడలేదు. ఇన్నాళ్ళకు ఒకరు అడిగారని ఊరట పొందినవాళ్ళను చూశాను. హాని జరిగేది తరగతి గదిలో ఒకరి కాగితం ఒకరికి కనిపించేలా కూర్చోబెట్టి నింపించినప్పుడు, అందరి ముందూ బరువు తూచి పైకి చదివినప్పుడు. బరువును తెరచాటున తూచండి, అంకెను పైకి చెప్పకండి.

మార్కు ఎక్కువ వచ్చిన అమ్మాయిని ఎక్కడికి పంపాలి?

ఫీల్డుకు వెళ్ళకముందే ఈ జవాబు మీ దగ్గర ఉండాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి, విజయవాడ ప్రభుత్వాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్‌లలో సైకియాట్రీ విభాగాలున్నాయి. వాటిలో ఒకదానితో ముందుగా మాట్లాడి, ఏ రోజు ఎవరిని కలవాలో రాసి పెట్టుకోండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనవసరం లేదు, ఆ నంబరును ప్రతి కాగితం చివర అచ్చు వేయించండి. కళ్ళు తిరిగి పడిపోవడం, గుండెదడ, రోజుల తరబడి ఏమీ తినకపోవడం, చనిపోవాలన్న మాట వినిపిస్తే ప్రశ్నావళిని అక్కడే ఆపి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మిగతావారితో మీరే మళ్ళీ ఒకసారి విడిగా మాట్లాడండి, మార్కు చెప్పకండి. పక్క మంచం అమ్మాయితో నేను మొదలుపెట్టింది ‘ఆ రోజు లైను లేకపోయినా వెళ్ళనన్నావు కదమ్మా, దాని గురించి ఇంకొంచెం చెబుతావా?’ అన్న మాటతో.